మన మేడకు తగిన టెలిస్కోప్



వానలు వెనకబట్టాయి. రాత్రి భోంచేసి మేడ ఎక్కితే ఆకాశం కడిగిపెట్టినట్టుంటోంది. కార్తీకం నుంచి ఫాల్గుణం దాకా, మన తెలుగు నేల మీద చుక్కలు చూసేవాళ్ళకు ఇంతకన్నా మంచి కాలం లేదు. ఏటా ఈ రోజుల్లోనే చాలామంది నన్ను అడుగుతుంటారు: "మాస్టారూ, మా అమ్మాయికి టెలిస్కోప్ కొనిపెడదామనుకుంటున్నాం. ఏది కొనమంటారు?" నేను వెంటనే ఏ కంపెనీ పేరూ చెప్పను. ముందు వాళ్ళ ఇంటి సంగతి అడుగుతాను. మీది ఎన్నో అంతస్తు? మేడ మీదికి లిఫ్టు ఉందా, మెట్లెక్కాలా? పైన నిలబడితే దక్షిణం వైపు ఏం అడ్డం వస్తుంది, ఉత్తరం వైపు ఏం అడ్డం వస్తుంది? టెలిస్కోప్ గురించి అడిగితే ఇంటి గురించి అడుగుతాడేమిటని కొందరు తెల్లబోతారు. కానీ ఈ సంగతులు తేలకుండా కొన్న టెలిస్కోప్ చాలా ఇళ్ళలో అటక మీదికే చేరుతుంది. పిల్లలు రెండు రాత్రులు చూస్తారు, మూడో రాత్రికి విసుగుపుడుతుంది. తప్పు పిల్లలది కాదు.

టెలిస్కోప్‌ల గురించి మనకు దొరికే పుస్తకాలు, వీడియోలు చాలావరకు యూరప్, అమెరికా వాళ్ళు తమకోసం చేసుకున్నవి. లండన్ 51 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. న్యూయార్క్ దాదాపు 41 డిగ్రీల మీద. మన హైదరాబాద్, విశాఖపట్నం 17 డిగ్రీలు కాస్త దాటి ఉన్నాయి. తిరుపతి అయితే పద్నాలుగు కూడా లేదు. వాళ్ళు గడ్డి మొలిచిన పెరట్లో నిలబడి, చలికి వణుకుతూ చూస్తారు. మనం పగలంతా ఎండకు కాలిన సిమెంటు స్లాబు మీద నిలబడి, ఉక్కలో చూస్తాం. వాళ్ళకు ఎన్నడూ ఉదయించని నక్షత్రాలు మనకు చక్కగా కనిపిస్తాయి. కాబట్టి వాళ్ళ సలహాలను మన మేడ మీదికి తెచ్చుకునేటప్పుడు కాస్త సరిచూసుకోవాలి. ఈ రోజు నేను చెప్పదలచింది ఇదే.

ముందు పెట్టె మీద రాసే అంకె సంగతి చూద్దాం. ఓ రంగురంగుల నెబ్యులా బొమ్మ, దాని కింద పెద్ద అక్షరాలతో "525 రెట్లు" అని ఉంటుంది. ఈ 525 ఎలా వచ్చిందో నోటిలెక్కగా కట్టొచ్చు. టెలిస్కోప్ నాభ్యంతరాన్ని, కన్ను పెట్టి చూసే ఐపీస్ నాభ్యంతరంతో భాగిస్తే ఎన్ని రెట్లో తెలుస్తుంది. ఇలాంటి టెలిస్కోప్ నాభ్యంతరం 700 మిల్లీమీటర్లు. దాంతో ఇచ్చే చిన్న ఐపీస్ 4 మిల్లీమీటర్లు. 700ను 4తో భాగిస్తే 175. దాని మధ్యలో పెట్టడానికి మూడింతలు చేసే బార్లో లెన్సు ఒకటి ఇస్తారు. 175 ఇంటూ మూడు, 525. లెక్కలో తప్పేమీ లేదు. కానీ అందులో ఉన్న అద్దం వెడల్పు 76 మిల్లీమీటర్లు. అద్దం వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో దానికి సుమారు రెట్టింపు వరకే ఏ టెలిస్కోప్ అయినా పనికొచ్చేలా పెద్దది చేసి చూపగలదు. అంటే దీనికి 150 రెట్లు దాటితే బొమ్మ సైజు పెరుగుతుందే తప్ప కొత్త వివరమేదీ కనిపించదు. మసకబారి, చీకటిపడి, గాలి తగిలినా ఊగిపోతుంది. అందుకే రెట్ల అంకెను ముందుపెట్టి అమ్మే టెలిస్కోప్‌ను నేను ఎవరికీ కొనమని చెప్పను.

అడగవలసిన అంకె వెడల్పు. కొన్ని టెలిస్కోప్‌లలో ముందువైపు లెన్సు ఉంటుంది, కొన్నింటిలో అడుగున పుటాకార దర్పణం ఉంటుంది. ఏదైనా సరే, దాని వెడల్పును బట్టే ఎంత వెలుగు పోగవుతుందో తేలుతుంది. చీకట్లో బాగా విచ్చుకున్న మన కంటిపాప 7 మిల్లీమీటర్లు. 70 మిల్లీమీటర్ల లెన్సు దానికి పదింతల వెడల్పు, కాబట్టి వెలుగు వందరెట్లు పోగుచేస్తుంది. 150 మిల్లీమీటర్ల దర్పణమైతే 450 రెట్లకు పైనే. అదే డబ్బుకు లెన్సు టెలిస్కోప్ కంటే దర్పణం టెలిస్కోప్ ఎక్కువ వెడల్పుది వస్తుంది. ఎందుకంటే లెన్సులో వెలుగు గాజు లోంచి పోవాలి, కాబట్టి గాజు లోపల కూడా స్వచ్ఛంగా ఉండాలి, రెండు పక్కలా నునుపు చెయ్యాలి, రంగులు విడిపోకుండా రెండు రకాల గాజులు జతచెయ్యాలి. దర్పణానికి ఒక్క పక్క నునుపు చేసి పూత పూస్తే చాలు. న్యూటన్ 1668లో మొదటి దర్పణ టెలిస్కోప్ చేసింది ఈ రంగుల బెడద తప్పించుకోవడానికే.

ఇక స్టాండు. కొనేవాళ్ళు గొట్టాన్ని చూస్తారు గానీ దాని కాళ్ళ వంక చూడరు. నా మటుకు నాకు స్టాండే సగం టెలిస్కోప్. దుకాణంలోనే ఓ పరీక్ష చెయ్యండి. దూరంగా ఉన్న ఏ సెల్ టవర్ మీదికో గురిపెట్టి, గొట్టాన్ని వేలితో మెల్లగా తట్టండి. కదిలిన బొమ్మ మూడు సెకన్లలోపు నిలబడితే అది పనికొచ్చే స్టాండు. ఇంకా వణుకుతూనే ఉంటే, గొట్టంలో ఎంత మంచి అద్దం ఉన్నా రాత్రి శనిగ్రహం కూడా అలాగే వణుకుతుంది. సన్నటి అల్యూమినియం మూడుకాళ్ళ స్టాండ్లు చాలావరకు ఈ పరీక్షలో నెగ్గవు.

మూడుకాళ్ళ స్టాండే లేని టెలిస్కోప్ ఒకటుంది, దాని కథ చెప్పుకుని తీరాలి. జాన్ డాబ్సన్ అనే ఆయన అమెరికాలో రామకృష్ణ సంప్రదాయానికి చెందిన వేదాంత ఆశ్రమంలో 1944లో చేరి, 23 ఏళ్ళు సన్యాసిగా ఉన్నారు. ఆశ్రమంలో ఉండగానే ఆయనకు టెలిస్కోప్‌లు చేసే పట్టుదల పుట్టింది. చేతిలో డబ్బులేదు. పాత ఓడల కిటికీ గాజులు తెచ్చి, తన చేత్తోనే అరగదీసి దర్పణాలు చేశారు. కాంక్రీటు స్తంభాలు పోతపొయ్యడానికి వాడే అట్ట గొట్టం దానికి ఒళ్ళయింది. చెక్కపెట్టె దాని స్టాండయింది. ఆ పెట్టె నేల మీద ఫిరంగి బండిలా కూర్చుంటుంది. గొట్టాన్ని పైకీ కిందికీ వంచొచ్చు, పెట్టెను చుట్టూ తిప్పొచ్చు. అంతే, మర ఏమీ లేదు. 1967లో ఆశ్రమం ఆయన్ను బయటికి పంపేసింది. ఆ మరుసటేడు శాన్‌ఫ్రాన్సిస్కోలో కొందరు కుర్రాళ్ళతో కలిసి, టెలిస్కోప్‌ను రోడ్డు పక్క పేవ్‌మెంట్ మీద పెట్టి దారిన పోయేవాళ్ళను పిలిచి చంద్రుణ్ణి, శనిని చూపించడం మొదలుపెట్టారు. 2014లో కన్నుమూసేదాకా ఆ పని మానలేదు. ఆ చెక్కపెట్టె టెలిస్కోప్‌నే ఈ రోజు ప్రపంచమంతా డాబ్సోనియన్ అంటున్నారు.

మొదటి టెలిస్కోప్‌గా నేను చెప్పేది ఇదే. మేడ దాకా లిఫ్టు వెళ్ళే ఇల్లయితే, లేదా మీరే మేడ మీది గదిలో ఉంటే, 150 మిల్లీమీటర్ల డాబ్సోనియన్ తీసుకోండి. పదిహేను కిలోల పైచిలుకు బరువుంటుంది. గొట్టాన్నీ పెట్టెనూ విడదీసి రెండు విడతలుగా మోసుకోవచ్చు. మూడంతస్తులు మెట్లెక్కాలంటే మాత్రం 130 మిల్లీమీటర్ల చిన్న డాబ్సోనియన్ మేలు. ఆరేడు కిలోలే ఉంటుంది, ఓ చేత్తో పట్టుకెళ్ళొచ్చు. అయితే అది బల్ల మీద పెట్టేది. ప్లాస్టిక్ కుర్చీ మీద పెడితే ఊగుతుంది. పిట్టగోడ మీద ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకండి, కింద మనుషులు తిరుగుతుంటారు. బరువైన చెక్క ఎత్తుపీట ఒకటి మేడ మీద ఉంచుకుంటే సరిపోతుంది. వారానికి మూడుసార్లు మేడెక్కే చిన్న టెలిస్కోప్, నెలకోసారి కూడా కదలని పెద్ద టెలిస్కోప్ కంటే ఎక్కువ ఆకాశం చూపిస్తుంది.

ఈక్వటోరియల్ స్టాండు గురించి దుకాణదారు గొప్పగా చెబుతాడు. దాని ఇరుసును ధ్రువనక్షత్రం వైపు పెడితే, ఒక్క పిడి తిప్పుతూ భూభ్రమణంతో పాటు చుక్కను వెంబడించవచ్చు. మంచి ఏర్పాటే. కానీ ధ్రువనక్షత్రం ఏ ఊళ్ళో అయినా ఆ ఊరి అక్షాంశమంత ఎత్తులోనే ఉంటుంది. హైదరాబాద్‌లో క్షితిజానికి 17 డిగ్రీల ఎత్తున. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే సుమారు 10 డిగ్రీలు కాబట్టి, రెండు పిడికిళ్ళ ఎత్తు కూడా లేదు. అటువైపు నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు ఉంటే ధ్రువుడు కనిపించడు. పైగా 40, 50 డిగ్రీల ఊళ్ళను మనసులో పెట్టుకుని చేసిన చౌకరకం స్టాండ్లు కొన్నింటిని 17 డిగ్రీలకు వంచితే ఎదురుబరువు కడ్డీ స్టాండు కాలికి తగులుకుంటుంది. ఉత్తరం వైపు ఏం అడ్డముందని నేను అడిగేది ఇందుకే. ఫొటోలు తియ్యాలనే కోరిక గట్టిగా ఉంటే తప్ప మొదటే దీని జోలికి పోనక్కర్లేదు.

అసలు టెలిస్కోప్ కొనాలా వద్దా అనే మీమాంసలో ఉన్నవాళ్ళు 10 ఇంటూ 50 బైనాక్యులర్‌తో మొదలుపెట్టండి. పది రెట్లు, 50 మిల్లీమీటర్ల లెన్సులు అని ఆ అంకెలకు అర్థం. దాంతో కృత్తికలు చూస్తే, మన పల్లెల్లో పిల్లలకోడి అని పిలిచే ఆ చుక్కల గుంపు, టెలిస్కోప్‌లో కంటే కూడా అందంగా ఉంటుంది. కార్తీక పౌర్ణమినాడు చంద్రుడు ఆ దగ్గర్లోనే ఉంటాడు కాబట్టే కార్తీక మాసానికి ఆ పేరు. ఆ వెన్నెల్లో గుంపు మునిగిపోతుంది గానీ, వారం ఆగి చూడండి. కంటికి ఆరు కనిపించిన చోట పదుల కొద్దీ నీలిచుక్కలు మెరుస్తాయి.

ఇంటి దగ్గర టెలిస్కోప్ పెట్టుకోవడం మనకు కొత్తేమీ కాదని కూడా చెప్పాలి. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840లోనే సొంత ఖర్చుతో అబ్జర్వేటరీ కట్టుకున్నారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపి, 1874 డిసెంబరులో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని అక్కడినుంచే పరిశీలించారు. ఆ అబ్జర్వేటరీలో 6 అంగుళాల కటకం టెలిస్కోప్ ఉండేది. 6 అంగుళాలంటే నేను ఇప్పుడు చెప్పిన 150 మిల్లీమీటర్లే. హైదరాబాద్‌లో నవాబ్ జఫర్ జంగ్ 1901లో సొంతంగా మొదలుపెట్టిన అబ్జర్వేటరీయే తర్వాత నిజామియా అబ్జర్వేటరీ అయింది. అందులో పనిచేసిన ఉద్యోగి కొడుకు వేణు బప్పు ఆ టెలిస్కోప్‌ల మధ్యే పెరిగి, మన దేశంలో ఆధునిక ఖగోళశాస్త్రానికి పెద్దదిక్కయ్యారు. ఆయన 1949లో కనిపెట్టిన తోకచుక్కకు ఆయన పేరు కూడా ఉంది. టెలిస్కోప్ ఉన్న ఇంట్లో పెరిగే పిల్లల సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తారు.

సరే, టెలిస్కోప్ ఇంటికొచ్చింది. మొదటి పని పగటిపూట చెయ్యాలి. గొట్టం మీద గురి చూడడానికి ఓ చిన్న ఎర్రచుక్క ఫైండర్ ఉంటుంది. సూర్యుడు లేని వైపు, కనీసం కిలోమీటరు దూరంలో ఉన్న సెల్ టవర్ కొనో, గుడి గోపురమో ఎంచుకోండి. 25 మిల్లీమీటర్ల ఐపీస్ పెట్టి, టవర్ కొనను సరిగ్గా మధ్యకు తెచ్చుకోండి. టవర్ తలకిందులుగా కనిపిస్తుంది, కంగారుపడకండి. దర్పణ టెలిస్కోప్ అలాగే చూపిస్తుంది, ఆకాశానికి తలా కిందా లేవు కనక ఇబ్బంది లేదు. ఇప్పుడు గొట్టం కదలకుండా, ఫైండర్ పక్కనున్న చిన్న మరలు తిప్పుతూ ఎర్రచుక్కను అదే టవర్ కొన మీదికి తీసుకురండి. పది నిమిషాల పని. ఇది చెయ్యకుండా రాత్రి మేడెక్కితే చంద్రుణ్ణి దొరకబుచ్చుకోవడం కూడా కష్టమవుతుంది. చాలామంది టెలిస్కోప్ పాడైందనుకునేది ఇక్కడే. అన్నట్టు, పని అయ్యాక ఫైండర్ ఆపెయ్యడం మరచిపోకండి, లోపలి బటన్ సెల్లు వృథాగా అయిపోతుంది.

రాత్రి చూడబోయే ముందు మన వాతావరణం గురించి రెండు మాటలు. టెలిస్కోప్‌ను ఏసీ గదిలో ఉంచి, విశాఖలాంటి సముద్రతీరపు ఊళ్ళో ఒక్కసారిగా బయటికి తెస్తే, ఐపీస్ మీదా లెన్సు మీదా క్షణాల్లో ఆవిరి పట్టేస్తుంది. గుడ్డతో తుడవబోకండి, గీతలు పడతాయి. ఏసీ లేని గదిలో ఉంచండి. లేదా అరగంట ముందే మూతలు తియ్యకుండా బయటపెట్టండి. రెండోది స్లాబు. పగలు పీల్చుకున్న వేడిని రాత్రి పది దాకా కక్కుతూనే ఉంటుంది. ఆ వేడిగాలి టెలిస్కోప్ ముందునుంచి లేస్తుంటే గురుగ్రహం నీళ్ళ అడుగున ఉన్నట్టు అల్లాడుతుంది. ఎండాకాలం సాయంత్రం మేడ మీద నీళ్ళు చల్లి పక్కలు వేసుకునే అలవాటు మన ఇళ్ళలో ఉండేది. అలా నీళ్ళు చల్లి, ఆరనిచ్చి, రాత్రి పొద్దుపోయాక మొదలుపెడితే బొమ్మ నిలకడగా ఉంటుంది.

మొదటి రాత్రి చంద్రుణ్ణే చూడండి. ఏ రాత్రి చూడాలో చెప్పడానికి మీ గోడ మీది తెలుగు క్యాలెండర్ చాలు. పౌర్ణమి వద్దు. ఆ రోజు సూర్యకాంతి చంద్రుడి మీద నిటారుగా పడుతుంది, నీడలుండవు. శుద్ధ పంచమి నుంచి దశమి దాకా చూడండి. అష్టమి మరీ మంచిది. ఆ రోజు సగం చంద్రుడి మీద వెలుగూ చీకటీ కలిసే గీత ఉంటుంది. ఆ గీత వెంట కన్ను నడిపించండి. అక్కడ అప్పుడే సూర్యోదయం. బిలాల అంచులు నిలువెత్తు నీడలు పరుస్తుంటాయి. పెద్ద బిలాల మధ్యలో శిఖరాలుంటాయి. గీతకు అవతల, పూర్తి చీకట్లో, ఎక్కడో ఓ తెల్లచుక్క ఒంటరిగా వెలుగుతుంటుంది. అది కొండ కొన. దాని పాదాల దగ్గర ఇంకా రాత్రి, కొనకు మాత్రం ఎండ తగిలింది. గంట ఆగి మళ్ళీ చూడండి, ఆ చుక్క కాస్త పెద్దదై ఉంటుంది. ఎండ కొండ దిగుతోందన్నమాట. ఇంకో ప్రపంచంలో తెల్లవారడాన్ని మీ మేడ మీదినుంచి మీ కళ్ళతో మీరు చూశారు. ఏ ఫొటో ఇవ్వలేనిది ఇదే, ఫొటోలో ఎండ కదలదు.

చంద్రుణ్ణి చూస్తుండగా ఇంకో సంగతి అర్థమవుతుంది. ఆకాశం నిలబడదు. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. 1200 మిల్లీమీటర్ల నాభ్యంతరం ఉన్న డాబ్సోనియన్‌లో 25 మిల్లీమీటర్ల ఐపీస్ పెడితే 48 రెట్లు, 10 మిల్లీమీటర్లదైతే 120 రెట్లు. 120 రెట్ల దగ్గర ఏ గ్రహమైనా రెండు నిమిషాల లోపే ఓ అంచునుంచి మరో అంచుకు జారిపోతుంది. కాబట్టి ఎప్పుడూ పెద్ద అంకె ఐపీస్‌తో, అంటే తక్కువ రెట్లతో వెతకండి. దొరికాక మార్చండి. గొట్టాన్ని మెల్లగా నెట్టడం నాలుగు రాత్రుల్లో చేతికి అలవాటవుతుంది. ఏదీ తిప్పకుండా తనంతట తనే వెతికే మోటారు టెలిస్కోప్‌లు వచ్చాయి. కన్నే పెట్టక్కర్లేకుండా ఫోన్‌లో బొమ్మ చూపించేవీ వచ్చాయి. నగరం నడిబొడ్డున ఉండేవాళ్ళకు అవి ఉపయోగమే. కానీ పదేళ్ళ పిల్లకు ఆకాశంలో దారి తెలియాలంటే తన చేత్తో తను వెతకాలి.

గురుగ్రహం దగ్గర పిల్లలకు ఓ నోటుపుస్తకం ఇవ్వండి. గ్రహాన్ని ఓ సున్నాగా, దాని పక్కనున్న నాలుగు ఉపగ్రహాలను చుక్కలుగా గీసి, టైము వెయ్యమనండి. మర్నాడు మళ్ళీ గియ్యమనండి. చుక్కలు స్థానాలు మారి ఉంటాయి. ఒక్కోసారి నాలుగింట మూడే ఉంటాయి, నాలుగోది గ్రహం వెనక్కో ముందుకో వెళ్ళి ఉంటుంది. 1610 జనవరిలో గెలీలియో సుమారు 20 రెట్ల టెలిస్కోప్‌తో సరిగ్గా ఇలాగే రాత్రి తర్వాత రాత్రి గీసి, భూమి చుట్టూ తిరగనివి కూడా ఆకాశంలో ఉన్నాయని గ్రహించాడు. మీ అమ్మాయి చేతిలో ఉన్నది అతని టెలిస్కోప్ కంటే చాలా మంచిది. శనిగ్రహపు వలయం 40, 50 రెట్ల దగ్గర స్పష్టంగా విడిగా కనిపిస్తుంది. 2025లో అది మనవైపు అంచు తిప్పి సన్నటి గీతలా మారింది. ఇక్కణ్ణుంచి ఏటేటా విచ్చుకుంటూ 2032 ప్రాంతంలో బాగా తెరుచుకుంటుంది. అంటే ఇప్పుడు కొన్న టెలిస్కోప్‌తో వలయం విచ్చుకోవడం మొత్తం చూడొచ్చు.

చంద్రుడు, గ్రహాలు నగరంలోనూ బాగానే కనిపిస్తాయి. నెబ్యులాలకు మాత్రం చీకటి కావాలి. సంక్రాంతికి ఊరెళ్ళేటప్పుడు టెలిస్కోప్ వెంట తీసుకెళ్ళండి. ఓరియన్ అనే వేటగాడి నడుములో వరుసగా ఉన్న మూడు చుక్కల కింద కత్తిలా వేలాడే చోట మసకగా ఓ మరక కనిపిస్తుంది. అది నక్షత్రాలు పుడుతున్న మేఘం, మనకు సుమారు 1,340 కాంతి సంవత్సరాల దూరం. ఇక్కడ ముందే చెప్పి తీరాలి: పెట్టె మీది బొమ్మలోలా గులాబిరంగు కనిపించదు. చీకట్లో పనిచేసే కంటి కణాలకు రంగు తెలియదు. బూడిదరంగులో, రెక్కలు చాచిన పొగలా ఉంటుంది. ఫోన్ వైపు చూడకుండా అరగంట చీకట్లో గడిపి, మేఘం వైపు నేరుగా కాక కాస్త పక్కకు చూస్తే ఆ రెక్కలు ఇంకా విస్తరిస్తాయి. ఈ చూపు సాధనతో వస్తుంది. మొదటిసారి ఏమీ లేదన్నవాళ్ళే నెల తిరిగేసరికి మేఘం మధ్యలో ఇరుకుగా కూర్చున్న నాలుగు చుక్కలను లెక్కపెడతారు.

సూర్యుడి విషయంలో మాత్రం నేను కఠినంగా మాట్లాడతాను. టెలిస్కోప్‌లోంచి సూర్యుణ్ణి ఒక్క క్షణం చూసినా కన్ను పోతుంది, నొప్పి కూడా తెలియదు. కొన్ని చౌకరకం పెట్టెల్లో ఐపీస్‌కు బిగించే చిన్న నల్ల సన్ ఫిల్టర్ ఇస్తారు. అది ఉంటే ఈ రోజే చెత్తబుట్టలో వెయ్యండి. కేంద్రీకరించిన ఎండ వేడికి అది చిట్లిపోతుంది, అప్పుడు కన్ను దానికి ఆనే ఉంటుంది. ఎక్స్‌రే ఫిల్ము, మసిపట్టిన గాజు అంతకంటే ప్రమాదం. గొట్టం ముందుభాగం మొత్తం కప్పే, సూర్యుడి కోసమే చేసిన ఫిల్టర్ ఒక్కటే దారి. అది కూడా గాలికి ఊడిపోకుండా బిగించి, ఫైండర్‌ను తీసేసి, పెద్దవాళ్ళు పక్కనే ఉండి చూపించాలి. సూర్యుణ్ణి చూడడంలో మన గుంటూరుకు పెద్ద పేరుంది. 1868 ఆగస్టు 18 సంపూర్ణ గ్రహణానికి ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు వచ్చారు. సూర్యుడి అంచున ఎగిసే జ్వాలల వెలుగును స్పెక్ట్రోస్కోప్‌తో విడగొట్టి చూసి, అవి వాయువులని తేల్చారు. ఆ వెలుగులో కనిపించిన గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే గ్రహణం లేకపోయినా వీటిని చూడొచ్చని ఆయనకు తట్టింది, మర్నాడే గుంటూరులోనే చూసి చూపించారు. 

వేసవి వస్తే మనకు దక్కే భాగ్యాలు కొన్ని ఉన్నాయి. చైత్ర, వైశాఖాల్లో సప్తర్షులు ఉత్తరాన పైకి ఎక్కి ఉంటారు. పెళ్ళిలో పురోహితుడు చూపించిన అరుంధతిని అప్పుడు తీరిగ్గా చూడొచ్చు. వశిష్ఠుడి మీదికి టెలిస్కోప్ తిప్పండి. కంటికి ఒక్కటిగా ఉన్న వశిష్ఠుడు 70 మిల్లీమీటర్ల లెన్సులో కూడా రెండు చుక్కలుగా విడిపోతాడు. పక్కన కాస్త దూరంలో అరుంధతి. వశిష్ఠుడి ఆ రెండు చుక్కల్లో ఒక్కొక్కటీ మళ్ళీ జంటేనని స్పెక్ట్రోస్కోప్‌తో తేలింది, ఇంటి టెలిస్కోప్‌కు అది అందదు. ఆ తర్వాత దక్షిణం వైపు తిరగండి. వైశాఖమాసంలో రాత్రి తొమ్మిది, పది మధ్య, క్షితిజానికి రెండున్నర పిడికిళ్ళ ఎత్తున ఒమేగా సెంటారీ ఉంటుంది. సుమారు కోటి నక్షత్రాలు ఒక్క బంతిగా కూడిన గుంపు. బైనాక్యులర్‌లో పత్తి ఉండలా, 150 మిల్లీమీటర్ల దర్పణంలో చక్కెర చల్లినట్టుగా విడివిడి చుక్కలతో కనిపిస్తుంది. లండన్‌లో ఉన్నవాళ్ళకు అది ఎప్పటికీ ఉదయించదు. చలికాలంలో దక్షిణాన వెలిగే అగస్త్యుడూ అంతే. దక్షిణం వైపు ఏం అడ్డముందని మొదట్లో అడిగానే, అందుకోసమే. అటువైపు అపార్ట్‌మెంటు ఉంటే, ఎండాకాలం సెలవుల్లో ఏ బంధువుల ఊరి పొలం గట్టు మీదికో వెళ్ళి చూడండి.

వానాకాలంలో టెలిస్కోప్‌కు బూజు పట్టే ప్రమాదం ఉంది. గుడ్డలో చుట్టి మూటకట్టకండి. సిలికాజెల్ పొట్లాలు వేసి, మూతలు బిగించి, గాలి తగిలే గదిలో ఉంచండి. దర్పణం మీద కాస్త దుమ్ము కనిపించిందని తుడవొద్దు. దుమ్ము వల్ల బొమ్మకు పెద్ద నష్టం లేదు. తుడిచిన గీత మాత్రం శాశ్వతం.

ఆఖరుగా, ఇతరులకు చూపించేటప్పుడు. మీరు మేడ మీద టెలిస్కోప్ పెట్టారని తెలిస్తే పక్కింటివాళ్ళు, కింది వాటా పిల్లలు వస్తారు, రానివ్వండి. అందరికన్నా పొట్టివాళ్ళకు ముందు చూపించి, వాళ్ళకో పీట వెయ్యండి. పిల్లలు ఐపీస్‌ను గట్టిగా పట్టుకుంటారు, గొట్టం కదిలిపోతుంది. చేతులు వెనక్కి కట్టుకుని చూడమనండి. పెద్దవాళ్ళకు కళ్ళజోడు తియ్యమని చెప్పి, ఫోకస్ మర వాళ్ళ వేళ్ళకే అందించండి. ఎవరి చూపుకు తగ్గట్టు వాళ్ళే తిప్పుకుంటారు. కనిపించిందా అని అడగకండి, మర్యాదకు కనిపించిందనేస్తారు. ఏం కనిపించిందో చెప్పమని అడగండి. "గుండ్రంగా ఉంది, పక్కన చెవుల్లా ఏవో ఉన్నాయి" అన్నారంటే వాళ్ళు నిజంగానే శనిని చూశారు. కనిపించలేదంటే మీరోసారి చూసి, జారిపోయిన గ్రహాన్ని మధ్యకు తెచ్చి మళ్ళీ పిలవండి. వెనక ఎంతమంది నిలబడి ఉన్నా సరే, వాళ్ళకు కనిపించేదాకా ఆగండి.